ఫిరంగి బాబాయ్ పట్టిన రేడాన్

ఫిరంగి బాబాయ్ అబద్ధాలాడతాడనేవాళ్ళు ఆయన్ని సరిగ్గా ఎరగరు. అబద్ధం ఆడాలంటే ముందు నిజం ఏమిటో కాస్తయినా తెలిసుండాలి. ఆయనకా బెడద లేదు. నోరు తెరిస్తే చాలు, మాట దానంతటదే బయల్దేరుతుంది. దారిలో కనపడ్డ కొండల్నీ గుట్టల్నీ చంకనేసుకుని, చెప్పినవాడే గుర్తుపట్టలేనంత లావై తిరిగొస్తుంది. బస్టాపు పక్కన టీ కొట్టులో ఆయన కూర్చునే బల్లకి మూడు కాళ్ళే ఉన్నాయి. నాలుగోది ఆయన కోతల బరువుకే విరిగిందని కొట్టామె ఒట్టేసి చెబుతుంది. విరిగిన మూల కింద ఇటుకలు పేర్చింది. ఆ ఇటుకలూ ఏడాదికోసారి పిండైపోతాయట.

ఆ పొద్దున వదిన బస్సు దిగి, ఒక చేతిలో సంచీ, ఇంకో చంకలో చుట్టచుట్టిన ఉయ్యాల గుడ్డతో కొట్టు ముందుకొచ్చేసరికి ఫిరంగి అదే బల్ల మీద కాలు మీద కాలేసుకుని ఉన్నాడు. ఎదురుగా కుళాయిల మేస్త్రి, రిటైరైన లెక్కల మాస్టారు. చేతుల్లో చల్లారిపోయిన టీ గ్లాసులు.

వదినంటే ఫిరంగికి సొంత వదిన, వీధి మొత్తానికీ పిలుపు వదిన. భర్త పోయినప్పట్నించీ ఇంటి కింది గదిలో కుట్టుమిషను వేసుకుని బతుకుతోంది. ఆ గది సగం భూమిలోకి దిగి ఉంటుంది. కిటికీలోంచి చూస్తే దారిన పోయేవాళ్ళ చెప్పులు మాత్రమే కనిపిస్తాయి. చెప్పుల్ని చూసి జాకెట్టు కొలత చెప్పేస్తుందామె. మధ్యలో వంటిల్లు, ఒక మనిషి కాళ్ళు చాపితే నిండిపోయే హాలు. పైన వీధివైపు పెద్ద కిటికీ, గాలీ వెలుతురూ, మంచం, పరుపు అన్నీ ఉన్న గది ఒకటుంది. అందులో పెళ్ళీ పెటాకులూ లేని మరిది ఫిరంగి.

వదిన కూతురు ఆసుపత్రిలో నర్సు. పురిటి సెలవు అయిపోయింది, రేపు డ్యూటీలో చేరాలి. చంటిదాన్నేసుకుని ఈ సాయంత్రం దిగుతుంది. తల్లి డ్యూటీకి వెళ్తే పిల్ల అమ్మమ్మ దగ్గరుండాలి. అమ్మమ్మ ఉండేది మిషను దగ్గర, మిషను ఉండేది కింది గదిలో. కాబట్టి ఉయ్యాల కట్టాల్సిందీ అక్కడే.

చిక్కల్లా ఆ కింది గాలితోనే. ఆ వీధి ఇళ్ళ కింద నేలలోంచి రేడాన్ ఊరుతోందేమోనని ఆరోగ్యశాఖ వాళ్ళకి అనుమానం. దానికి రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. రాతిలో పుట్టి, గచ్చు పగుళ్ళలోంచి దొంగలా దూరి, పల్లపు గదుల్లో తిష్ఠ వేస్తుంది. ఏళ్ళ తరబడి పీలిస్తే ఊపిరితిత్తులకి క్యాన్సరు తెచ్చిపెట్టే రకం. ఉందో లేదో, ఉంటే ఎంతుందో పరీక్ష చేస్తే తప్ప దేవుడిక్కూడా తెలీదు. అందుకని ఇంటింటికీ ఓ తగరపు డబ్బా పంచారు. వదిన కూతురింటికెళ్తూ ఆ డబ్బా మరిది చేతిలో పెట్టింది. కింది గది తలుపులూ కిటికీలూ బిగించు, మూత తీసి స్టూలు మీద పెట్టు, గడువయ్యాక మూతేసి పరీక్షశాలకి పంపించు అని చిలక్కి చెప్పినట్టు చెప్పింది. చిలకైతే గుర్తుపెట్టుకునేది.

"మరిదీ, డబ్బా సంగతేమైంది?" అంది వదిన, సంచీ ఇంకా దింపకుండానే. "ఫలితం వచ్చిందా? సాయంత్రానికి పిల్లొస్తుంది. ఉయ్యాల కింద కట్టనా, వద్దా? ఒక్క ముక్క చెప్పు చాలు."

"ఒక్క ముక్కా?" ఫిరంగి జాలిగా నవ్వాడు. "నేను చేసిన పని ఒక్క ముక్కలో చెబితే ఆ ముక్క పగిలి చస్తుంది వదినా. కూర్చో. అమ్మాయ్, మా వదినకో టీ! నిక్షేపంగా కింద కట్టుకో ఉయ్యాల. ఆ గదిలో ఇప్పుడున్నంత శుభ్రమైన గాలి హిమాలయాల మీద కూడా లేదు."

వదిన గుండె మీంచి సగం బరువు దిగింది. దిగిన సగం మీద ఆమెకే నమ్మకం లేక బల్ల చివర ఒదిగి కూర్చుంది. కింది గదిలో కుట్టాల్సిన బట్టలు గుట్టగా పడున్నాయి. ఒకసారైనా వీడు నిజం చెప్పుండకూడదా అనిపించింది.

"మొదట్నించీ చెప్తాను," అన్నాడు ఫిరంగి. "డబ్బా తీసుకెళ్ళి కింది గదిలో స్టూలు మీద పెట్టాను. ఇక్కడిదాకా ఎవడైనా చేస్తాడు, దీనికి నేనే అక్కర్లేదు, పిల్లి కూడా చేస్తుంది. అందరూ డబ్బా పెట్టి పోయి పడుకుంటారు, నేను పడుకోలేదు. గచ్చు మీద బోర్లా పడుకుని చెవి ఆనించాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? వినపడింది! బుస్సు... బుస్సుమని, పాతిక పాములు ఒకేసారి నిట్టూర్చినట్టు."

"రేడాన్‌కి చప్పుడుండదు కదయ్యా," అన్నారు మాస్టారు.

"మామూలు చెవులకి ఉండదు మాస్టారూ. మీరు ముప్పై ఏళ్ళు ఎక్కాలు వినీ వినీ చెవులు అరగ్గొట్టుకున్నారు. నావి కొత్తవి, వాడనేలేదు."

"అది నిజమే," అంది కొట్టామె, గిన్నెలో గరిటె తిప్పుతూ. "ఎవరి మాటా వినవు కదా, అరగడానికి."

ఫిరంగి ఆ మాటకి తలూపి పొగడ్త కింద జమేసుకున్నాడు.

"చప్పుడు పట్టుకుని పాక్కుంటూ వెళ్తే మిషను కాలి కింద దొరికింది పగులు. వెంట్రుక వాసి! ఓహో, ఇదా నీ సింహద్వారం అనుకుని ఇంత సిమెంటు కలిపి పూశాను. మింగేసింది. మళ్ళీ పూశాను, మళ్ళీ మింగింది. బస్తా పోశాను, గుటుక్కుమంది. లారీ తెప్పించి వెనక్కి తిప్పి మొత్తం ఒంపేస్తే, ఆ పగులు మూతి తుడుచుకుని నావంక చూసింది వదినా, ఇంకేం లేదా అన్నట్టు! నాకు పౌరుషం రాదూ? లారీల మీద లారీలు. డ్రైవర్లకి స్టీరింగులు తిప్పి తిప్పి చేతులు గుండ్రంగా ఉండిపోయాయి, ఇప్పుడు అన్నం కూడా గుండ్రంగా తింటున్నారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ సిమెంటంతా భూమిలో పడి పారి పారి, అటు బడి మైదానంలో పైకి తన్నింది. అదే, పిల్లలు ఎక్కి జారుతున్నారే, ఆ అరుగు! ఎవరు కట్టారని బడివాళ్ళు ఇప్పటికీ బుర్రలు బద్దలు కొట్టుకుంటున్నారు."

"మా ఇంటి కుళాయిలోంచి కూడా వచ్చింది బాబాయ్," అన్నాడు మేస్త్రి, మొహంలో చిన్న ముడత కూడా పడకుండా. "మా ఆవిడ బిందెలతో పట్టి పెరటి గోడ లేపేసింది. మిగిలింది పొరుగింటికి చేబదులిచ్చింది."

"విన్నావా వదినా! సాక్ష్యం!"

"విన్నాలే," అంది వదిన. "పగులు మూశావు, బావుంది. డబ్బా పంపించావా?"

"అక్కడికే వస్తున్నా. పగులు మూస్తే ఆగుతుందా అది? ఈ దారి మూస్తే ఇంకో దారి వెతుక్కుంటుంది. దాన్ని కింద ఉండగానే లాగెయ్యాలి. గచ్చుకి కన్నం పెట్టి, పైపు దింపి, ఫ్యాను బిగించి, నేల కింది గాలిని కప్పు దాటించి ఆకాశంలోకి ఊదెయ్యాలి. అదీ పద్ధతి! ఔనా కాదా మేస్త్రీ?"

"పద్ధతి అదే," అన్నాడు మేస్త్రి. తర్వాత, ఇంత నిజం ఈయన నోట్లోకి ఎలా వచ్చిందా అని అనుమానంగా చూశాడు.

"అందరూ చిటికెన వేలంత ఫ్యాను పెడతారు. నేను చేయించాను చూడూ, దాని రెక్క తిరగాలంటే పక్క వీధివాళ్ళు వొంగోవాలి. మీట నొక్కాను. మొదట దుమ్మొచ్చింది. తర్వాత వదిన పెళ్ళయినప్పట్నించీ పారేసుకున్న బొత్తాలూ సూదులూ వరసగా, సైజు ప్రకారం వచ్చాయి. తర్వాత వానపాములు నిటారుగా నిలబడి వచ్చాయి, సైనికుల్లాగా. ఇంకో నొక్కు నొక్కాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పైపులోంచి ఓ చెప్పు వచ్చింది. మన చెప్పు కాదు! భూమికి అవతలి పక్కన తలకిందులుగా నడిచేవాళ్ళుంటారే, వాళ్ళది. దాని వెనకాలే ఓ కాలు. దాని వెనకాలే మోకాలిదాకా ఓ మనిషి, నాకర్థం కాని భాషలో తిడుతూ! అయ్యో తప్పయింది నాయనా అని చెప్పు తొడిగి మళ్ళీ కిందకి తోశాను."

"తిట్లని ఎలా తెలిసింది, భాష అర్థం కాకపోతే?" అన్నారు మాస్టారు.

"తిట్టుకి భాషేమిటి మాస్టారూ. నేను పుట్టినప్పట్నించీ వింటున్నదేగా."

కొట్టామె చీరకొంగు నోట్లో కుక్కుకుంది. వదినకి మాత్రం నవ్వు రాలేదు. బొత్తాలన్నప్పుడు ఆమె మనసు తటాలున ఇంటికెళ్ళొచ్చింది. గచ్చుకి నిజంగా కన్నం పెట్టాడేమో, మిషను ఏ మూలకి తోశాడో!

"పైపు ఇప్పుడెక్కడుంది? ఇంటికెళ్తే కప్పు మీద కనపడుతుందా?"

"ఎక్కడి పైపు వదినా! పని అయిపోయాక మీట ఆపడం మర్చిపోయాను. గాలంతా వెళ్ళిపోయింది, లాగడానికేం మిగల్లేదు, దాంతో పైపుని ఫ్యానే లాక్కుంది, ఫ్యానుని ఫ్యానే లాక్కుంది. గచ్చుకి పెట్టిన కన్నాన్ని కూడా లాక్కుపోయింది. అందుకే నేల నున్నగా ఉంటుంది, వెళ్ళి చూడు, ఎక్కడా గీత కూడా ఉండదు."

గీత కూడా ఉండదనేది ఆయన చెప్పిన వాటిలో నమ్మదగ్గ సంగతి అనుకుంది వదిన. దిగిన సగం బరువు మళ్ళీ ఎక్కి కూర్చుంది, ఇంకో సగాన్ని వెంటబెట్టుకుని.

ఫిరంగి ఇప్పుడు బల్ల మీద ఆనడం లేదు. ఇటుకలు కిర్రుమంటున్నాయి.

"చివర్న మిగిలింది అసలుది. రేడాన్‌లకి పెద్ద! పగుల్లోంచి మెల్లిగా తల బయట పెట్టింది. చూశాను."

"రంగు లేనిది ఎలా కనపడింది బాబాయ్?" అంది కొట్టామె.

"నన్ను చూసి సిగ్గుతో ఎర్రబడింది! అప్పుడు కనపడింది. వచ్చి నా కాళ్ళ మీద పడింది వదినా. అయ్యా, భూమి పుట్టినప్పట్నించీ ఇళ్ళలో దూరుతున్నాను, రాజుల కోటల్లో దూరాను, నీలాంటి మొగాణ్ణి చూళ్ళేదు, వదిలెయ్యి, పిల్లలు గలదాన్ని అంది. వదుల్తానా? మా వదిన మనవరాలు పడుకునే చోటు! పిలక పట్టుకుని ముడేసి, చుట్ట చుట్టి, డబ్బాలో కుక్కాను. పరీక్షశాలకి నేను పంపడమేమిటి, వాళ్ళే పరిగెత్తుకుంటూ వచ్చారు. గదిలో మీటరు పెట్టి చూస్తే ముల్లు సున్నా దాటి కిందకి పోయి, అడుగున కన్నం చేసుకుని బయటపడింది!"

"సున్నాకి కింద గాలేమిటయ్యా?" మాస్టారు తట్టుకోలేకపోయారు. "ఆరుబయట గాల్లో కూడా కాస్తో కూస్తో ఉంటుందట. లేకపోవడానికి ఓ హద్దుంటుంది!"

"మామూలుగా లేకపోవడానికి హద్దుంటుంది. నేను దాన్ని లేకుండా చేశాను. అది వేరు. అయ్యా ఆ డబ్బా మాకిప్పించండి, అద్దాల బీరువాలో పెట్టుకుంటాం అని బతిమాలారు. చస్తే ఇవ్వనన్నాను. మా వదిన చూడందే ఇవ్వను! ఇదిగో వదినా!"

లాల్చీ జేబులోంచి డబ్బా తీసి, సింహం పిల్లని చూపించినట్టు రెండు చేతులా ఎత్తి పట్టుకున్నాడు.

వదిన చెయ్యి చాపింది. ఆమె బతుకంతా గుడ్డ అంచులూ కుట్లూ తడిమిన వేళ్ళు. డబ్బా అందుకున్న మరుక్షణం బొటనవేలు మూత చుట్టూ ఓ చుట్టు తిరిగింది. ఆగి, వెనక్కి ఇంకో చుట్టు తిరిగింది. మూతకీ డబ్బాకీ మధ్య పసుపురంగు టేపు. తయారైన చోట ఎలా అంటించారో అలాగే ఉంది. దాని మీద గోటి గీత కూడా పడలేదు.

"మరిదీ," అంది మెల్లిగా. "దీని మూత ఎప్పుడు తీశావు?"

"మూత తియ్యడమేమిటి?" ఫిరంగి నిజంగానే ఉలిక్కిపడ్డాడు. పొద్దుట్నించీ ఆయన మొహంలో కల్తీ లేకుండా కనపడింది అదొక్కటే. "కొత్త వస్తువు వదినా! మూత తీస్తే దుమ్ము పడదూ? అందుకే పైన నా చేతిరుమాలు కూడా కప్పాను."

మేస్త్రి ముందుగా బల్ల దిగి నేల మీద కూర్చున్నాడు, పడిపోయేకంటే అదే నయమని. మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. కొట్టామె నవ్వు బస్టాపులో నిలబడ్డవాళ్ళు తలలు తిప్పేంత దూరం పోయింది. ఆ నవ్వుకి ఆగాల్సిన బస్సు ఆగకుండా పోయిందని కూడా అంటారు.

"నవ్వకండి," అంది వదిన. "ఇది ఈయనొక్కడి జబ్బు కాదు. ఆ వంశమే అంత. ఆ ఇంట్లో కుర్చీ విరిగి అవతల పారేసిన రోజున కూడా దాని ప్లాస్టిక్ కవరు చెక్కుచెదరదు. నేను కాపరానికొచ్చాక ఆర్నెల్లు పరుపు కవరు చప్పుడుకి నిద్రపోలేదు. వీళ్ళన్నయ్య కొత్త చేతిగడియారం పెట్టెలోంచి తియ్యకుండానే పోయాడు. టైమెంతయిందండీ అంటే వీధిలోకెళ్ళి ఎవర్నో అడిగొచ్చేవాడు." డబ్బా ఫిరంగి మొహం ముందు ఆడించింది. "ఇందులో బొగ్గుపొడి ఉంటుందయ్యా మహానుభావా. మూత తీసి పెడితే గదిలో ఉన్న గాలిని పీల్చుకుంటుంది, ఎంత పీల్చిందో వాళ్ళు లెక్క కడతారు. నువ్వు పట్టి బంధించింది రేడాన్‌ని కాదు. దీన్ని తయారుచేసిన కార్ఖానా గాలిని."

ఇంకొకడైతే టీ గ్లాసులో దూకి చచ్చుండేవాడు. ఫిరంగి తేరుకున్నాడు.

"అదంతా మామూలు రేడాన్‌కి! గచ్చులోంచి దూరొచ్చేది తగరంలోంచి దూరదా? పిచ్చి వదినా, అది నా దెబ్బకి మూతలోంచే లోపలికి దూకింది. గదిలో ఇక చుక్క లేదు. నిశ్చింతగా ఉయ్యాల కట్టుకో."

వదిన లేచింది. టీ మొత్తం తాగి, గ్లాసు బోర్లించి పెట్టింది. కోపం వచ్చినట్టు కూడా లేదు, గొంతు తేనె.

"సరే మరిదీ. ఇంత చేసినవాడివి, నీ మాట కాదంటానా? నమ్మాను."

మాస్టారు కంగారుగా ఏదో అనబోయారు. వదిన చేత్తో ఆపింది.

"కాకపోతే చంటిదానికి వెలుతురు కూడా ఉండాలి. అందుకని మిషనూ ఉయ్యాలా పైన నీ గదిలో పెట్టుకుంటాను. నీ మంచం కింది గదిలోకి దించుదాం. హిమాలయాల మీద కూడా లేని గాలన్నావు. హాయిగా తలుపులు బిగించుకుని పడుకో. ఈ రోజు నించే."

"అదేంటి వదినా!" ఫిరంగి దిగ్గున లేచాడు, బల్ల ఓ పక్కకి ఒరిగింది. "ఉందో లేదో తేలకుండా మనిషి పడుకునే చోటా అది?"

అన్నాక విన్నాడు తన మాట.

పొయ్యి మీద పాలు పొంగుతున్నా కొట్టామె చూడలేదు. ఫిరంగి మేస్త్రి వంక చూశాడు, మేస్త్రి తన చెప్పులు చూసుకున్నాడు. మాస్టారి వంక చూశాడు. ఆయన ఎప్పుడో క్లాసులో తప్పు లెక్క చేసినవాణ్ణి చూసినట్టు చూశారు.

"మనిషి పడుకోకూడదు," అంది వదిన. ఇప్పుడా తేనె లేదు. "ఇంకా మెడ నిలబడని పసిగుడ్డు మాత్రం పడుకోవచ్చు. నీ పరుపు నీకుంటే చాలు. అంతేనా?"

"అది కాదు వదినా... నేనేదో... మాటవరసకి..."

"నా పెళ్ళయినప్పట్నించీ నీ మాటలు భరిస్తున్నాను. వానపాముల్ని నిలబెట్టు, భూమికి అవతలివాళ్ళ చెప్పులు లాగు, నాకేం పోయింది, టీకి తోడు నవ్వుకుంటాను. పిల్ల ఊపిరి మీద కొయ్యకు. కోశావో, కత్తెర నా దగ్గరా ఉంది." సంచీ తీసి ఆయన చేతిలో పెట్టింది. "నడు. మిషను పైకి మొయ్యాలి. మేస్త్రీ, ఓ చెయ్యెయ్యి నాయనా, దాని అడుగు ఇనుము. డబ్బా ఇవాళే పెడతాను. ఎక్కువని తేలిందా, ఆ పైపూ ఫ్యానూ నువ్వే బిగించాలి. మనుషులకి సరిపోయే సైజుది."

"అలాగే వదినా," అన్నాడు మేస్త్రి.

"మరి నేనెక్కడ పడుకోను?" అన్నాడు ఫిరంగి. గొంతు ఎంత చిన్నదైపోయిందంటే, ఇంకాస్త చిన్నదైతే ఆ వెంట్రుకవాసి పగుల్లో పట్టేది.

"హాల్లో. కాళ్ళు ముడుచుకుని."

మధ్యాహ్నానికి మిషను పైకెక్కింది. దాన్ని మోస్తూ మూడో మెట్టు దగ్గరే ఫిరంగి కూలబడితే, మేస్త్రి మిషన్నీ ఆయన్నీ విడివిడిగా మోశాడని వీధిలో చెప్పుకుంటారు. సాయంత్రం కూతురు బస్సు దిగి ఇంటి మలుపు తిరిగేసరికి, పై గది కిటికీలో ఉయ్యాల గాలికి ఊగుతూ ఎదురుచూస్తోంది. కింద తలుపులూ కిటికీలూ అన్నీ బిగించి ఉన్నాయి. లోపల స్టూలు మీద డబ్బా నోరు తెరుచుకుని ఉంది. హాల్లో ఫిరంగి నోరు మూసుకుని ఉన్నాడు.